కూలి లేని లెక్క

మలంచా పేటలో అప్పలనర్సయ్యని మించిన లెక్కగాడు లేడు. రైల్వే వర్క్‌షాపులో పనిచేసిన రోజుల్లో బోగీ చుట్టూ ఒక్కసారి తిరిగి, దాని కప్పుకి ఎంత రేకు పడుతుందో మేకులతో సహా చెప్పేసేవాడు. ఆయన దగ్గితే బోగీలే వరసలో నిలబడి కొలతలు ఇచ్చేవట. ఇది తగ్గించి చెప్పిన మాటే.

రిటైరయ్యాక సొంతింటి రేకులు పగిలి కారడం మొదలైంది. కొత్త కప్పుకి డెబ్భై వేలు చాలని ఆయనే తేల్చాడు. భార్య దాలమ్మ కూడబెట్టింది సరిగ్గా అంతే. ఇంకేం, వానలు దగ్గరపడేదాకా కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

చివరికి పక్కనున్న ఇందా పేట నుంచి హారాధన్ మిస్త్రీ వచ్చాడు. బెంగాలీవాడే గానీ, తెలుగువాళ్ళ ఇళ్ళు కప్పీ కప్పీ తెలుగు నేర్చిన మనిషి. ఇల్లంతా చూసి లక్షా పది వేలన్నాడు.

నర్సయ్య ఎగిరిపడ్డాడు. “ఏటి దాదా, రేకులకి బంగారం పూత పూయిస్తన్నావేటి?”

“రేకులు మీ లెక్క ప్రకారమే బాబూ, ఒక్కటీ తేడా లేదు. మరి పాతవి దింపి కొత్తవి ఎక్కించే మనుషులకి కూలి రాయలేదేం?”

నర్సయ్య తన లెక్క కాగితం మళ్ళీ చూసుకున్నాడు. సర్వీసంతా వేసిన ఎస్టిమేట్లలో సామాను రాశాడే గానీ, మనిషిని రాసిన పాపాన పోలేదు. సైరన్ మోగితే మనుషులు వాళ్ళంతట వాళ్ళే వచ్చేవారు మరి.

“నెలనెలా నీకు జీతం ఎందుకిచ్చినారనుకున్నావు?” అంది దాలమ్మ.

ఆయన చిల్లుల కప్పుకేసి చూస్తూ కూలబడ్డాడు. బేరం ఆవిడే తెంచింది.

“ఉన్న డబ్బుకి వంటిల్లూ నా గదీ కప్పెయ్యి దాదా. ఈయన గది వచ్చే ఏడు సూద్దాం. నాలుగు సినుకులు పడితే బుర్ర సల్లబడతాది.”