అతను వేసిన కణాలు

మాది కాశీబుగ్గలో బాప్టిస్టు ఇల్లు. దెయ్యాలు, చేతబడి అంటూ ఎవరైనా మాటెత్తితే మా అమ్మ గుమ్మంలోంచే పంపేసేది. నేను చదివిందేమో మైక్రోబయాలజీ. ఇలాంటివి నమ్మే మనిషిని కాదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో హైదరాబాదులో ఒక మందుల కంపెనీలో పనిచేసేదాన్ని. ఎలుకజాతి కణాల్లో మనిషి జన్యువు పెట్టి బయోరియాక్టర్లలో, అంటే పెద్ద స్టీలు ట్యాంకుల్లో, పెంచేవాళ్లం. అవి తయారుచేసే ప్రొటీనే కిడ్నీలు పాడైనవాళ్లకు రక్తం పట్టడానికిచ్చే ఇంజెక్షన్. ఉద్దానంలో కాపురమున్న మా అక్క కిడ్నీలు పాడై అప్పట్లో ఆ ఇంజెక్షన్ మీదే బతికేది.

మా మేనేజరుకు దిగుబడి పిచ్చి. కణాలు చావడం మొదలైనా ట్యాంకు ఖాళీ చేయనిచ్చేవాడు కాదు. అలా ఉంచితే ప్రొటీన్ ఎక్కువే వస్తుంది. కానీ చచ్చిన కణాల్లోంచి కారే రసాలు దాన్ని పాడుచేస్తాయి, ఆ మందు ఒంట్లో నిలవదు. ఎంత మొత్తుకున్నా వినలేదు. నవ్వేసి సరుకు బయటికి పంపించాడు మహానుభావుడు.

పలాసలో అక్కకు దొరికింది ఆ సరుకే. ఎన్ని ఇంజెక్షన్లు పొడిచినా రక్తం పట్టలేదు, మొహం పాలిపోయింది. చూడ్డానికి ఇంటికెళ్లినప్పుడు మేనేజరు చేసిన పని నేనే చెప్పాను. అక్క చివరిదాకా వింది. తర్వాత, "ఆడి సేతిలో ఏదీ బతకదు, సూడే" అంది.

"అలాగనకమ్మా, ప్రభువు ఇంటన్నాడు" అంది అమ్మ.

"ఇననీ" అంది అక్క.

ఆ వారమే పోయింది.

సమాధి చేసి డ్యూటీకి వెళ్లాను. అప్పట్నుంచి ఆ మేనేజరు స్వయంగా ట్యాంకులో వేసిన కణాలు వేసినవి వేసినట్టే చచ్చిపోయేవి. అదే సీసాలోంచి తీసి, అదే ఆహారం పోసి, పక్క ట్యాంకులో నేను వేస్తే బతికేవి. క్రిములు చేరాయేమోనని చూశాం. ఆక్సిజన్ చూశాం, వేడి చూశాం. చేతితొడుగులు, సబ్బు కూడా మార్పించారు. ఏ లోపమూ కనబడలేదు. అతను తల పట్టుకుని కూర్చుంటే నా కళ్లు చల్లబడేవి. దాచడమెందుకు? ఉండబట్టలేక ఒకరోజు అక్క అన్న మాట మొహమ్మీదే చెప్పేశాను.

తర్వాత అతని ఉద్యోగం పోయింది. మా ఇంట్లో అక్క జ్ఞాపకార్థ ప్రార్థన కూడిక జరుగుతుంటే వెతుక్కుంటూ వచ్చాడు, మనిషి సగమయ్యాడు. మోకాళ్లూని తనకోసం ప్రార్థించమన్నాడు. కన్నకూతురిని పోగొట్టుకున్న మా అమ్మ అతని తలమీద చెయ్యివేసి, క్షమించమని ప్రార్థించింది. ప్రార్థన ముగిశాక ఇంట్లోవాళ్లంతా ఆమెన్ అనాలి. అందరూ అన్నారు. నేను పళ్లు బిగబట్టుకుని కూర్చున్నాను.

వేరే కంపెనీలో చేరాడని, అక్కడా అంతేనని విన్నాను. ఆ కణాలు ఎందుకు చచ్చేవో ఈ రోజుకీ చెప్పలేను. అతనికోసం ఒక్క ఆమెన్ అనమని అమ్మ ఇప్పటికీ అడుగుతుంది.

అనను.