ఒళ్ళొచ్చిన ఏడాది

మా ఆయన పోయిన ఏడాదే నాకు ఒళ్ళొచ్చింది. అందరి కండ్లల్ల అదే తప్పయింది.

చిద్రి ఊర్ల రెండర్రల ఇంట్ల ఒక్కదాన్నే ఉంటుంటి. పొద్దందాక మిషన్ మీద కూసొని జాకెట్లు కుడుతుంటి. జాకెట్లు తీస్కపోను వచ్చిన ఆడోళ్ళు నన్ను కింది నుంచి మీదికి చూసేటోళ్ళు. "మొగుడు పోయినంక మంచిగనే తింటాంది" అని ఒకామె గేటు దాటకముందే అన్నది. నాకు ఇనవడ్డది. ఆ రోజు అన్నం ముట్టలే.

తర్వాత రాత్రి తిండే బంద్ చేసిన. అయినా గాజులు బిగుసుకపోయినయి. మెట్లెక్కితే దమ్ము, మోకాళ్ళల్ల నొప్పి. ఎండకాలంల గూడ సలి పెడుతుండె. చర్చిల పాటలు పాడేటోళ్ళ నడుమ నిలవడాలంటే సిగ్గయ్యి, ఆదివారం గూడ ఇంట్లనే పండుకుంటుంటి.

ఒకనాడు మధ్యాహ్నం, చర్చిల మాకు పాటలు నేర్పే అక్క వచ్చింది. తలుపు తీసి "రా అక్కా" అన్న. ఆమె నా ఒంటి దిక్కు చూడనే లేదు.

"నీ గొంతేమైందే?"

"ఏమైంది?"

"బొంగురువోయింది. ఎన్నొద్దులాయె?"

నాకే తెల్వదు. ఇంట్ల నాతోటి మాట్లాడేటోళ్ళు ఎవరున్నరు, గొంతు మారిందని తెలుస్తానికి?

అక్కనే దవఖానకు తీస్కపోయింది. రక్తం పరీక్ష చూసి డాక్టరమ్మ అన్నది: "థైరాయిడ్ సరిగ పని చేస్తలేదు. సలి, నీరసం, గొంతు, ఈ వాపు, అన్నీ దాంతోనే. కానీ బరువంతా దానిదే కాదమ్మా. పొద్దంతా కూసొనే ఉంటవు. ఏం తింటవు?"

"చాయ్, బిస్కిట్లు" అన్న. ఒక్కదాని కోసం పొయ్యి ఎలిగియ్య మనసయ్యేది కాదని చెప్పలే.

రక్తంల కొవ్వు పెరిగిందట. ఇట్లనే ఇడిస్తే గుండెకు వస్తదన్నది. బయట బెంచీ మీద కూసొని ఏడ్చిన. అక్క ఊకోమనలే. పక్కన కూసున్నది.

రోజూ పరిగడుపున గోలి ఏసుకుంటున్న. కొన్ని నెలలకు సలి పోయింది, గొంతు తేరుకున్నది. బరువు కొంతనే తగ్గింది. "ఏం చేసినవ్, తగ్గినవ్?" అని అడుగుతరు. "థైరాయిడ్ ఉండె" అంటే "అట్లనా" అని జాకెట్ తీస్కొని పోతరు. అన్న మాట ఎవలూ వాపస్ తీస్కోలే.

డాక్టరమ్మ చెప్పినట్టు సాయంత్రం మిషన్ ఆపి పాత కోట దిక్కు నడుస్త. తొవ్వ పొంటి ఇద్దరిద్దరు మాట్లాడుకుంట పోతుంటరు. నేను ఒక్కదాన్నే జర జల్ది నడిచి వాళ్ళను దాటుకొని పోత.