సెలెక్షన్ల రోజు మక్కల కావలి

బోధన్ పక్కన ఒక ఊరి ప్రభుత్వ బడిలో ఇరవై రెండేళ్ళుగా ఆడపిల్లలకు హాకీ నేర్పుతున్నాను. మోకాలు పట్టేసింది, గొంతు పోయింది, ఓపిక అంతకంటే ముందే పోయింది. ఏటా ఇదే తంతు. వానలు తగ్గుముఖం పట్టాక గ్రౌండ్‌లో గడ్డి పీకించి, సున్నంతో గీతలు గీయించి, పదకొండు మందిని పోగేసేసరికి ఊళ్ళో మక్కలు, అదే మొక్కజొన్నలు, కోతకొస్తాయి. వాటిని ఎండబోయడానికి మా గ్రౌండ్ అంత చదునైన జాగా ఊళ్ళో ఇంకోటి లేదు. కాదందామంటే ఆ మక్కల వాళ్ళ పిల్లలే నా జట్టు.

పోయినేడు జిల్లా సెలెక్షన్లు నాలుగు రోజులున్నాయనగా, పొద్దున్నే వచ్చి చూస్తే సగం గ్రౌండ్ నిండా మక్కలే. మా గోల్‌కీపర్ తల్లి ఆరబోసింది.

"ఏం జేయమంటరు సారూ, ఇంటి ముంగట జాగ లేకపాయె. జెర ఎండంగనే ఎత్తుకుంట" అంది.

"సరే తియ్ చెల్లె, మిగిలిన సగమన్న మాకు ఇడువు" అన్నాను. పోట్లాడే ఓపిక కూడా లేదు.

ఆ గోల్‌కీపర్ పదో తరగతి. తండ్రి గల్ఫ్‌లో ఉంటాడు. జిల్లా జట్టులోకి వస్తే క్రీడా హాస్టల్‌లో ఉండి ఇంటర్ చదువుకునే దారి దొరుకుతుంది. లేకపోతే పదితోనే చదువు బంద్ అని తల్లి ముందే చెప్పేసింది. అందుకే ఆ ఏడు నా బాధంతా ఆ ఒక్క పిల్ల గురించే.

ఆ సాయంత్రం ప్రాక్టీసులో రెండు బంతులు ఆమె పక్కనుంచే గోల్‌లోకి వెళ్ళాయి. పిల్ల చూపు ఆకాశం మీద ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"బంతి ఈడున్నది, మీదికేం జూస్తున్నవ్?"

"మబ్బు వట్టింది సార్. అవ్వ ఒక్కతే ఉన్నది."

"గోల్ ఇడిసి అడుగు బయట వెట్టినవనుకో, జట్టుల నీ పేరు కొట్టేస్త!"

పది నిమిషాలకు వాన దంచికొట్టింది. మిగతా పిల్లలంతా వరండాలోకి ఉరికొచ్చారు. ఆమె మాత్రం ప్యాడ్లు కట్టుకుని గోల్‌లోనే నిలబడింది. అవతల తల్లి ఒక్కతే మక్కల మీద టార్పాలిన్ పరదా కప్పడానికి తంటాలు పడుతోంది. ఈల నా నోట్లోనే ఉంది. ఏం మనిషినో, పంతం కొద్దీ ఊదలేదు. చివరికి పొమ్మని చెయ్యి ఊపితే ప్యాడ్లతోనే పరుగెత్తింది. అప్పటికే సగం మక్కలు నానిపోయాయి.

మర్నాడు పిల్ల ప్రాక్టీసుకు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. సాయంత్రం వాళ్ళింటికి పోయాను. నన్ను చూడగానే తల్లి అందుకుంది.

"మీ ఆట సల్లగుండ సారూ! మబ్బును జూసి గుడ పిల్లను ఇడువరా? ఎల్లుండి నేను బదులు పనికి పోవాలె. నా సేన్ల పని జేసినోళ్ళకు నేను పోకుంటె, రేపు నాకెవలొస్తరు? మక్కల కాడ బిడ్డనే ఉండాలె. అది యాడికీ రాదు."

పిల్ల మూలన తల వంచుకుని కూర్చుంది. సిగ్గుతో చచ్చిపోయాను.

"తప్పు నాదే చెల్లె. పిల్లను పంపు. ఎల్లుండి మక్కల కాడ నేనుంట."

"అయ్యో, సారొచ్చి మక్కలు గాస్తరా!" అని అంత కోపంలోనూ నవ్వేసింది.

సంగతి విని హెడ్మాస్టరు తల పట్టుకున్నాడు. జట్టును హిందీ టీచరమ్మకు అప్పగించాను. సెలెక్షన్లకు నిజామాబాద్ బస్సెక్కుతూ కూడా పిల్ల నాకు మక్కల జాగ్రత్తలే చెప్పింది. గంటకోసారి కాలితో తిరగెయ్యాలట, మేకలొస్తే అదిలించాలట, రాళ్ళు పరదా పక్కనే ఉన్నాయట. ఇన్నేళ్ళలో నాకు ఒకరు కోచింగ్ ఇచ్చింది ఆ రోజే.

ఎండలో మక్కల మధ్య కాళ్ళీడుస్తూ తిరిగాను. మోకాలు సలిపింది. ఇన్నేళ్ళలో ఎంతమందికి స్టిక్ పట్టుకోవడం నేర్పానో, వాళ్ళలో ఎంతమంది పది కాగానే పొలాల్లోకి పోయారో గుర్తొచ్చింది. ఎందుకొచ్చిన తిప్పలు, వచ్చే ఏడు వేరే బడికి బదిలీ అడుగుదామనుకున్నాను. ఇలా ప్రతి ఏడూ అనుకుంటాను.

మూడింటికి టీచరమ్మ ఫోన్ నుంచి పిల్ల మాట్లాడింది.

"మనం ఓడినం సార్. గని నన్ను జిల్లా టీముల తీస్కున్నరు."

కళ్ళు తుడుచుకున్నాను.

"సార్, ఆడ మబ్బు వట్టిందా?"

తలెత్తి చూస్తే మంజీర దిక్కు నుంచి నల్లగా కమ్ముకొస్తోంది.

"ఎండ మస్తుగున్నది బిడ్డా. నువ్వు నిమ్మలంగ రా" అని ఫోన్ పెట్టేసి పరదా దగ్గరికి ఉరికాను.

ఒక కొస మీద రాయి పెట్టి రెండో కొసకు పోయేలోగా మొదటిది గాలికి లేచింది. కుంటుకుంటూ మళ్ళీ వెనక్కి వచ్చాను. రెండో కొస పట్టడానికి ఇంకొక మనిషి ఉంటే నిమిషం పని. అటూ ఇటూ ఎన్నిసార్లు తిరిగానో లెక్కలేదు. చివరి రాయి పెట్టేసరికి చినుకులు మొదలయ్యాయి. రొప్పుతూ పోయి గోల్‌పోస్టుకు ఆనుకున్నాను. అక్కణ్ణుంచి పరదా నాలుగు కొసలూ కనిపిస్తున్నాయి. ఆ రోజు ఆ పిల్ల ఇక్కడే నిలబడి, తల్లి ఉరుకులాటంతా చూస్తూ, నా ఈల కోసం ఆగింది.