పన్నెండు రోజులు దాచిపెట్టాను

ఆ ఉదయం నా కుడిచేతి బొటనవేలు దానంతట అదే ఎగరడం మొదలుపెట్టింది.

అప్పుడు నేను బండి నడుపుతున్నాను. భద్రాచలంలో ఒక ట్రస్టు దవాఖానా ఉంది. అడవి ఊళ్ల నుంచి కాన్పుకొచ్చే ఆడవాళ్లను, లేవలేని రోగులను తీసుకొచ్చే వాళ్ల వ్యాన్‌కు పద్నాలుగేళ్లుగా నేనే డ్రైవర్‌ని. ఆ రోజు దుమ్ముగూడెం అవతల ఒక గూడెం నుంచి జ్వరంతో ఉన్న ముసలాయన్ని ఎక్కించుకొని వస్తున్నాం. వెనక ఆయనా, ఆయన భార్యా. నా పక్క సీట్లో నర్సు నాగమణి సిస్టర్.

వేలు ఎగురుతుంటే మొదట నవ్వొచ్చింది. ఏదో నరం కొట్టుకుంటుందిలే అనుకున్నాను. తర్వాత పక్క వేళ్లు కదిలాయి. ఆ తర్వాత మణికట్టు. గేరు మీదున్న ఎడమచెయ్యి తీసి స్టీరింగ్ పట్టుకున్నాను. సరిగ్గా అప్పుడే సిస్టర్ రిజిస్టర్ తెరిచి అడిగింది.

"వెంకన్నా, ముసలాయన పేరేం చెప్పిన్రు?"

ఆమె మాట వినబడింది. అర్థమైంది. పేరూ తెలుసు. నోరు తెరిచాను, మాట రాలేదు. గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు కూడా లేదు. మాట పుట్టే చోటే ఖాళీగా ఉంది. రోడ్డు కనబడుతోంది, ఎదురుగా గేదెలు కనబడుతున్నాయి, కాలు బ్రేకు మీదికి పోతోంది. మాట ఒక్కటే లేదు.

అర నిమిషం ఉంటుందేమో. చెయ్యి ఆగింది.

"ఏందన్నా, పలుకవేంది?" అంది సిస్టర్.

"రాత్రి నిద్ర లేదు సిస్టర్," అన్నాను.

ఆ రాత్రి నేను హాయిగా నిద్రపోయాను. అది మొదటి అబద్ధం.

ఇంట్లో చెప్పలేదు. నా భార్య సుజాత అంగన్‌వాడీ టీచర్. మా అమ్మాయి మౌనిక ఇంటర్ చదువుతోంది. ఫోన్‌లో 'చెయ్యి అదరడం' అని కొట్టి చూశాను. పక్షవాతం, మెదడులో గడ్డ, ఇంకా ఏవేవో వచ్చాయి. ఫోన్ బోర్లా పెట్టేశాను. మా నాన్న దమ్మపేటలో వ్యవసాయ కూలీ. ఇరవై ఏళ్లకు లారీ మీద క్లీనర్‌గా చేరినప్పటి నుంచి నాకు బండి తప్ప వేరే పని తెలియదు. ఆ ఊళ్లలో నన్ను బండి వెంకన్న అనే పిలుస్తారు. ఇంటిపేరు ఎవరికీ తెలియదు.

ఐదో రోజు అన్నం తింటుండగా మళ్లీ వచ్చింది. ముద్ద కంచంలోనే జారిపోయింది. చెయ్యి తొడ కింద పెట్టుకొని దాని మీద కూర్చున్నాను. సుజాత పొయ్యి దగ్గర ఉంది, చూడలేదు. అప్పటి నుంచి రోజూ పొద్దున బాత్‌రూంలో చెయ్యి చాపి చూసుకునేవాణ్ని. కదలకపోతే, ఇవాళ్టికి పర్లేదు అనుకొని డ్యూటీకి పోయేవాణ్ని. బండెక్కాక రోడ్డు చూసిన ప్రతిసారీ ఒకసారి వేలునూ చూసేవాణ్ని. ఎదురుగా లారీ వస్తుంటే ఒళ్లంతా చెమట పట్టేది. అయినా తాళం చెవి వేరేవాళ్లకు ఇవ్వలేదు.

పన్నెండో రోజు తొలికాన్పు నొప్పులతో ఉన్న ఒక అమ్మాయిని ఎక్కించుకున్నాం. వాళ్లమ్మ తోడుంది. సిస్టర్ వెనకే కూర్చుంది. టేకు ప్లాంటేషన్ దాటుతుండగా వేలు కదిలింది. ఈసారి నాకు తెలుసు. కాలు బ్రేకు మీదికి వెళ్లింది. బండి ఎడమపక్క మట్టిలోకి దింపాను. హ్యాండ్ బ్రేకు లాగాను. ఇంజన్ ఆపానో లేదో గుర్తులేదు. తర్వాత ఏమీ లేదు.

మెలకువ వచ్చేసరికి గడ్డిలో పక్కకు తిరిగి పడుకొని ఉన్నాను. నాలుక తెగి నోరంతా రక్తం. ప్యాంటు తడిసిపోయింది. దారిన పోయేవాళ్లెవరో నా గుప్పిట్లో తాళాల గుత్తి పెట్టారు. నాగమణి సిస్టర్ అది లాగేస్తూ, "ఇనుము వద్దు, ఏం వద్దు. గాలి రానియ్యున్రి, జరగున్రి!" అని అరుస్తోంది. ఆ వెనక వ్యాన్ తలుపు దగ్గర ఆ అమ్మాయి కూర్చొని ఉంది. కడుపు పట్టుకొని నన్నే చూస్తోంది. తన నొప్పి మర్చిపోయి భయంతో చూస్తోంది. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది.

సిస్టర్ ఒక జీపును ఆపి ఇద్దర్నీ అందులోనే ఎక్కించింది. పురిటి నొప్పులు పడుతున్న మనిషి కాళ్ల దగ్గర నేను. దవాఖానా చేరిన గంటకు ఆ అమ్మాయికి ఆడపిల్ల పుట్టింది. ఇద్దరూ క్షేమమని తెలిసేదాకా నేను క్యాజువాలిటీలో మంచం మీద ఏడుస్తూనే ఉన్నాను.

డ్యూటీ డాక్టరు అడిగాడు, "ఇంతకుముందు ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా?"

పక్కనే సిస్టర్ నిలబడి ఉంది.

"లేదు సర్," అన్నాను.

ఫిట్ వచ్చిన మూడో రోజు, దవాఖానా వాళ్లు పంపితే, సుజాతా నేనూ ఖమ్మం బస్సెక్కాం. ప్యాసింజర్‌గా కూర్చోవడం నాకు అలవాటు లేదు. కొత్తగూడెం దాటేదాకా ప్రతి మలుపులో నా కుడికాలు లేని బ్రేకును తొక్కుతూనే ఉంది. ఖమ్మంలో న్యూరాలజిస్టు ఒక మేడమ్. వయసు నలభై ఉంటుంది, నెమ్మదిగా మాట్లాడుతుంది. ఫైలు చూడకుండా నా చెయ్యి చూసింది.

"పెద్ద ఫిట్ రాకముందు ఈ చేతిలో ఏమైనా మొదలైందా? బొటనవేలు? ఆ సమయంలో మాట ఆగిపోయిందా?"

పక్కనుండి చూసినట్టే చెబుతోంది. నేను ఇక ఆపుకోలేకపోయాను.

"అంతకుముందే రెండుసార్లు వచ్చింది మేడమ్."

సుజాత నా వైపు తిరిగింది. "ఎప్పుడు?"

చెప్పాను. ఆమె వేళ్ల మీద రోజులు లెక్కపెట్టింది. పన్నెండు. "మొన్న మౌనికను కాలేజీల దింపినవు. గది గూడ ఆ మధ్యల్నే గదా?" అంది. అవునన్నాను.

తలకు వైర్లు అంటించి ఈఈజీ తీశారు. తర్వాత నరానికి కాంట్రాస్ట్ మందు ఎక్కించి ఎమ్మారై. ఆ గొట్టంలో డబడబ చప్పుళ్ల మధ్య కదలకుండా పడుకోమన్నారు. ఇప్పుడే ఫిట్ వస్తే ఎట్లా అన్న ఆలోచన తప్ప వేరేది లేదు. బెల్ నొక్కే రబ్బరు బుడ్డి ఎడమచేతికి ఇవ్వమని అడిగాను. కుడిచేతిని నేను నమ్మడం మానేశాను.

రిపోర్టులో 'లెఫ్ట్ ఫ్రంటల్ రింగ్ ఎన్‌హాన్సింగ్ లీజన్' అని ఉంది. మేడమ్‌ను కలవడానికి ఇంకా రెండు రోజులున్నాయి. ఆ రెండు రోజులూ చుట్టాలింట్లో ఉన్నాం. ఆ మాటలు ఎన్నిసార్లు చదువుకున్నానో. గడ్డ అనే నిర్ణయించుకున్నాను. మౌనిక పెళ్లి నేను చూడను అనే దాకా వెళ్లిపోయాను.

"ట్యూమర్‌లా లేదు," అంది మేడమ్ మొదటి మాటగా. నా ముఖం చూసి ఆ మాట ముందు చెప్పిందనుకుంటాను. "ఉంగరంలా కనబడుతోంది, మధ్యలో చిన్న చుక్క ఉంది. టేప్‌వార్మ్, అంటే బద్దెపురుగు గుడ్డు లోపలికి పోయి మెదడులో సిస్టు కట్టింది. న్యూరోసిస్టిసర్కోసిస్ అంటాం. టీబీ కాదని తేల్చుకోవడానికి ఎక్స్‌రే, రక్తపరీక్షలు చేద్దాం. కళ్లు కూడా చూపించాలి. తర్వాత మందులు."

"ఆ పురుగు పందిమాంసం తింటే వస్తుందంటారు, నేను అది ముట్టను మేడమ్."

"ముట్టకపోయినా వస్తుంది. కడుపులో ఆ పురుగు ఉన్న ఎవరి చేతుల నుంచో నీళ్లలోకి, పచ్చి కూరల్లోకి ఆ గుడ్లు చేరతాయి. మీ తప్పేం లేదు."

"బండి ఎప్పుడు నడపొచ్చు?"

ఆమె ఫైలు మూసింది. "మీరు నడిపేది పేషెంట్ల బండి. ఇప్పుడు దాని గురించి ఆలోచించకండి."

భద్రాచలం వచ్చాక ముందు నాగమణి సిస్టర్ దగ్గరికి వెళ్లాను. డ్రెస్సింగ్ రూములో దూది కత్తిరిస్తోంది. మొదటిసారి ఎప్పుడొచ్చిందో చెప్పాను. కత్తెర ఆగింది.

"గా ముసలాయన పేరు అడిగిన రోజా?"

"అవ్ సిస్టర్."

"నిద్ర లేదన్నవు." "పన్నెండు దినాలు నీ బండిల కూచున్న వెంకన్నా. నాకు ఇద్దరు పిల్లలు. ఒక్క మాట చెప్తే ఏం పోయేది?"

తప్పయిందన్నాను. ఆమె, "పో, ముందు మందులు మింగు," అంది. క్షమించానని అనలేదు. ఇంతవరకూ అనలేదు. నేనూ అడగలేదు.

పురుగు చావడానికి అల్బెండజోల్, వాపు తగ్గడానికి స్టెరాయిడ్ కొన్నాళ్లు. ఫిట్స్ మాత్రలు పొద్దునా సాయంత్రం. ఆ మాత్రలతో ఒంట్లో నిద్ర, మనసులో కోపం. నేను అరిచే మనిషిని కాదు. కూరలో ఉప్పు తక్కువైందని కంచం తోసేసిన రోజు మౌనిక నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసింది. సుజాత బాత్‌రూం గడియ ఊడపీకించింది. నేను స్నానం చేస్తున్నంతసేపూ బయట నిలబడి, "ఉన్నవా?" అని పిలిచేది. "ఉన్న," అనేవాణ్ని. మళ్లీ కొద్దిసేపటికి, "ఉన్నవా?" నలభై ఒక్క ఏళ్ల మనిషిని. నీళ్లతో పాటు కన్నీళ్లు కూడా పోసుకున్నాను. కానీ ఆ పిలుపు కొంచెం ఆలస్యమైతే నాకే భయం వేసేది.

మూడు నెలల తర్వాత స్కాన్‌లో సిస్టు చిన్నదైంది. నాకు పండగే. తగ్గిపోయింది కదా, ఈ మత్తు ఎందుకని పొద్దుటి మాత్ర మానేశాను. ఎవరికీ చెప్పలేదు. చూశారా, మళ్లీ అదే పని. ఎనిమిదో రోజు చాయ్ తాగుతూ పడిపోయాను.

ఇంట్లో మౌనిక ఒక్కతే ఉంది. మేడమ్ మొదటిరోజు చెప్పినవన్నీ సుజాత దానికి నేర్పింది, అట్లాగే నన్ను పక్కకు తిప్పింది, తల కింద దుప్పటి పెట్టింది, టైమ్ చూసింది, ఫోన్‌లో వీడియో తీసింది. తర్వాత ఆ వీడియో నేనూ చూశాను. అందులో నేను ఎక్కువ కనబడను. ఫోన్ నేల వైపూ గోడ వైపూ తిరుగుతుంటుంది. "ఏం గాదు డాడీ, ఏం గాదు, ఒక్క నిమిషం అయింది," అని దాని గొంతు వినిపిస్తుంది.

మేడమ్ వీడియో రెండుసార్లు చూసింది. "మాత్ర మానేశారా?" అంది. ఈసారి వెంటనే అవునన్నాను. ఆమె కోప్పడలేదు. "నిద్ర వస్తోందని నాకు చెబితే మందు మార్చేదాన్ని కదా," అంది. మార్చింది కూడా. కోపం, మత్తు రెండూ తగ్గాయి. ఆ తర్వాతి స్కాన్‌లో సిస్టు ఎండి సున్నపు చుక్కలా మిగిలింది. "ఈ మచ్చ పోదు. కొన్నేళ్లు మాత్రలు వాడాలి. డ్రైవర్ ఉద్యోగం మాత్రం ఇక వద్దు," అంది. ఆ మాట వస్తుందని తెలుసు. అయినా బయటికొచ్చి మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాను.

దవాఖానా మేనేజర్ సార్ నన్ను పంపేయలేదు. ఓపీ దగ్గర ఒక టేబుల్ చూపించి, "వచ్చినోళ్లకు దారి చెప్పు," అన్నాడు. మొదటి రెండు వారాలు అది నాకు చావులా ఉంది. బయట వ్యాన్ స్టార్టయితే లేచి కిటికీ దగ్గరికి పోయేవాణ్ని. కొత్త డ్రైవర్ సెకండ్ గేరులో లాగుతుంటే పళ్లు కొరుక్కునేవాణ్ని.

ఒకరోజు ఒక కోయ ఇల్లాలు మందుల కవరు పట్టుకొని ఫార్మసీ ముందు తిరుగుతోంది. ఇంట్లో ఆమె భర్తకు టీబీ. ఏది పొద్దున, ఏది రాత్రి అని తెలుగులో చెబుతున్నారు, ఆమె అన్నిటికీ తల ఊపుతోంది. ఏమీ అర్థం కాలేదని నాకు తెలిసిపోయింది. పద్నాలుగేళ్లు బండిలో వాళ్ల మాటలు వింటూ కోయ భాష నేర్చుకున్నాను. ఆమెను నా బల్ల దగ్గర కూర్చోబెట్టి వాళ్ల భాషలో చెప్పాను. తిరిగి నాకు చెప్పించుకున్నాను. రెండుసార్లు తప్పు చెప్పింది, మూడోసారి సరిగ్గా చెప్పింది. నెల తర్వాత మొగుణ్ని నడిపించుకొని వచ్చింది. ఇప్పుడు డాక్టర్లే రౌండ్స్‌కు నన్ను పిలుస్తున్నారు. పనికి పేరేమీ పెట్టలేదు. బండిని మర్చిపోయానని చెప్పను. కానీ పొద్దున డ్యూటీకి బయల్దేరేటప్పుడు కాళ్లు ఈడ్చుకుంటూ పోవడం లేదు.

ఆఖరి ఫిట్ వచ్చి ఏడాదిన్నర దాటింది. భయం పూర్తిగా పోలేదు. చలికి వేలు వణికినా ఎక్కడున్నానో అక్కడే కూర్చుండిపోతాను. సుజాత స్కూటీ నేర్చుకుంది. ఈమధ్య ఆమె వెనక కూర్చొని దుమ్ముగూడెం రోడ్డు మీద పోతుంటే అడిగింది, "భయమైతుందా?"

"అవ్."

"నాక్గూడ అయితుంది. గట్టిగ పట్టుకో," అంది. ఇద్దరం అలాగే వెళ్లొచ్చాం.

ఇది చదివేవాళ్లలో ఎవరికైనా చెయ్యి దానంతట అదే ఎగిరినా, కాసేపు మాట ఆగినా, కళ్ల ముందు క్షణం చీకటైనా నేను చెప్పేది ఒక్కటే. ఫోన్‌లో వెతకడం తర్వాత. ఆ రోజు మీ పక్కన కూర్చున్న మనిషికి, మిమ్మల్ని నమ్మి మీ బండెక్కిన మనిషికి ముందు చెప్పండి. తాళం చెవి వాళ్ల చేతికిచ్చి, అక్కణ్నుంచి డాక్టరు దగ్గరికి పోండి. అదే రోజు. రేపు చూద్దాం అనుకోవద్దు.