అక్క వెనక గొంతు

శంషాబాద్‌లో మేము కిరాయికుంటున్న ఇంటి ఓనరక్కకు గొంతులో గడ్డ తీయాలన్నారు. ఆపరేషన్ తర్వాత గొంతు మారినా మారవచ్చని డాక్టరమ్మ ముందే చెప్పిందట. మా గల్లీలో బతుకమ్మ పాట ఎత్తుకునేది ఎప్పుడూ అక్కే. దవాఖానకు పోయేలోపు తన పాటలు రికార్డు చేసిపెట్టమని అడిగింది. మైకుంది, లినక్స్ వేసిన పాత ల్యాప్‌టాప్ ఉంది, ఇదెంత పని అనేశాను.

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పాడుతుంటే అక్క గొంతు అక్కకే ఒక క్షణం ఆలస్యంగా వినబడుతోంది. ధ్వనిని కాస్త ఆపి పంపే బఫర్‌ను తగ్గిస్తే పోపు వేసినట్టు చిటపటలు. పెంచితే చిటపటలు పోయి మళ్లీ ఆలస్యం. నెట్‌లో ఒకడు చెప్పింది ఇంకొకడు తప్పంటాడు. ఈ పాత డబ్బాతో కుస్తీ ఎందుకని మా ఆవిడ వంటింట్లోంచి అననే అంది. నాకు ఒళ్లు మండింది. అక్క మాత్రం, విమానం మోత తగ్గినప్పుడల్లా, ఆ ఆలస్యంతోనే హాయిగా పాడుకుంటోంది.

చూడగా చూడగా తప్పు నాదేనని తేలింది. ల్యాప్‌టాప్ అన్ని పనులకన్నా ముందు ఆడియో పనే చూసేలా అనుమతి ఇచ్చాను గానీ, అది అమలు కావాలంటే లాగౌట్ కావాలి. నేను ల్యాప్‌టాప్ మూత వేసి తీసి, అదే చాలనుకున్నాను. లాగౌటై మళ్లీ లాగినై బఫర్ తగ్గిస్తే చిటపట లేదు, ఆలస్యం లేదు. మీసం మెలేసినంత పని చేశాను.

అక్క ఒక చరణం ఎత్తుకుని ఆగిపోయింది. మళ్లీ ఎత్తుకుంది, మళ్లీ ఆగింది. ఇంకేమైందని అడిగితే హెడ్‌ఫోన్స్ తీసి ఒళ్లో పెట్టుకుంది.

"ఇందాక నా ఎనుక ఎవరో అందుకుంటుండె తమ్మీ. మా తోడికోడలు గట్లనే అందుకునేది. ఇగ ఇప్పుడు ఒక్కదాన్నే అయిన."

ఆ తోడికోడలు పోయి ఏడాది కూడా కాలేదు. అంత కష్టపడి బాగుచేసి, అక్కకు దొరికిన తోడును తీసేశానని ప్రాణం ఉసూరుమంది. ఆలస్యం మళ్లీ పెట్టడం చిటికెలో పని. కానీ మనుషులం ఇంట్లో ఉండగా అదెందుకనిపించింది. మా ఆవిడను పిలిచాను. ఇద్దరం అక్క వెనక కూర్చుని, ప్రతి చరణం చివరా ఉయ్యాలో అని అందుకున్నాం. మా ఆవిడది కోస్తా, ఆ పాటలు కొత్త. నాకు శ్రుతి అన్నదే తెలియదు. అక్క మాత్రం ఆగకుండా చివరిదాకా పాడింది. తర్వాత రికార్డింగులోంచి నా గొంతు తీసేస్తానంటే ఒప్పుకోలేదు.

ఆపరేషన్ బాగానే అయింది గానీ అక్క గొంతు బొంగురుపోయింది. ఈసారి బతుకమ్మకు పాట ఎత్తుకుంది ఆ తోడికోడలి కూతురు. వెనక నిలబడి అందుకున్నది అక్క.