కప్పులత్త కూర్చోబెట్టే పద్ధతి

ఆకుపచ్చ కప్పులో తిరుగుతున్న పెద్దమనిషి పళ్ళసెట్టు ఎగిరొచ్చి, టికెట్ల కిటికీ దగ్గర నిలబడ్డ ఒకావిడ చేతిసంచిలో పడింది. ఆవిడ చూసుకోలేదు. సంచి మూసుకుని బస్సెక్కి ఇంటికి వెళ్ళిపోయింది. పెద్దమనిషి కప్పు దిగి చాలాసేపు కోపంగా ఫిర్యాదు చేశాడు గానీ, పళ్ళు లేకపోవడం వల్ల అందులో ఒక్క ముక్క కూడా ఎవరికీ అర్థం కాలేదు.

"ఆయన్ని ఎక్కడ కూర్చోబెట్టావే?" అని పార్కు యజమాని అడిగాడు.

"ఆయన కూర్చుంటానన్న చోటే, బావా," అంది కప్పులత్త.

టికెట్టు చింపడం ఆలస్యమైందని ఆ పెద్దమనిషి అంతకుముందే తనను "ఏయ్ మొద్దూ" అన్న సంగతి ఆమె చెప్పలేదు. బావ అడగనూ లేదు.

కప్పులత్త అంటే కప్పుల రాట్నం నడిపే ఆవిడ. ఆ పేరు పిల్లలు పెట్టింది. రాట్నమంటే నేలమీద ఒక పెద్ద పళ్ళెం, దాని మీద మనుషులు పట్టేంత కప్పులు. పళ్ళెం తిరుగుతుంటే, ప్రతి కప్పూ తన చుట్టూ తాను తిరుగుతుంది. అందులో ఒక గుట్టుంది. మనుషులు ఎదురెదురుగా, సమానంగా కూర్చుంటే కప్పు ఉయ్యాలలా సాగిపోతుంది. బరువంతా ఒకే పక్కన పడితే మాత్రం బొంగరమే. లోపలున్నవాడికి పుట్టినప్పటి నుంచీ తిన్నదంతా గుర్తొస్తుంది.

ఆ గుట్టు ఆమెకు నేర్పింది బావే.

అక్క పురిటికి సాయంగా నాలుగు రోజులుందామని వచ్చిన పిల్ల ఆమె. అప్పటిదాకా బావకు గుర్రాల రాట్నం ఒక్కటే ఉండేది. కొయ్యగుర్రాల చెవులు ఊడిపోతుంటే కొత్తగా కప్పులు కొన్నాడు. "ఊరికే కూర్చుని తినే బదులు కాస్త అటు నిలబడరాదూ," అన్నాడు. నిలబడింది. పురుడైపోయింది, పుట్టిన పిల్ల పెద్దదై ఉద్యోగంలో చేరింది, ఈవిడ మాత్రం ఇంకా అటే నిలబడి ఉంది. జీతం అడగని మనిషిని ఎవరు మాత్రం కూర్చోమంటారు?

మధ్యలో ఒక్కసారి కూర్చునే యోగం పట్టింది. మోటార్లు బాగుచేసే మెకానిక్ ఒకడు ఉండేవాడు. నోట్లో నాలుక లేని మనిషి. చెడిపోని మోటారును కూడా తరచూ చూసిపోయేవాడు. ఒక సాయంత్రం ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి, మీ మరదల్ని పెళ్ళి చేసుకుంటానని బావను అడిగాడు.

"దానికేం, భేషుగ్గా! ముందు ఇద్దరూ మా కప్పెక్కండి. మా రాట్నానికి తట్టుకుంటే మా మరదలికీ తట్టుకుంటావు," అన్నాడు బావ.

ఇద్దర్నీ ఒకే పక్కన కూర్చోబెట్టి, వాళ్ళ పక్కనే తన లావుపాటి స్నేహితుణ్ణి ఇరికించాడు. మీట తనే నొక్కాడు. మైకు అందుకుని, "రండి, రండి, పెళ్ళికొడుకును చూసిపోండి!" అని జనాన్ని పిలిచాడు. మెకానిక్ ఆమె కొత్త బట్టల మీద వాంతి చేసుకున్నాడు. జనం నవ్వారు. చంకలో పిల్లకు వేలుపెట్టి చూపించి మరీ అక్క నవ్వింది. అతను దిగి, తూలుకుంటూ గేటు దాటాడు. ఆ తర్వాత మోటారు చెడిపోయినా రాలేదు.

"ఎందుకిలా చేశావు బావా?" అని ఆమె ఏడుస్తూ అడిగింది.

"కప్పన్నాక తిరగదా? అలవాటు పడతావులే," అన్నాడు బావ. బట్టలు ఉతుక్కుని, పనిలో పనిగా కప్పు కూడా కడిగెయ్యమన్నాడు.

అలవాటు పడింది. పద్ధతి కూడా నేర్చింది. భయంతో తల్లిని కరుచుకున్న పిల్లల్ని వెన్నముద్దల్లా తిప్పి దించేది. నలుగురిలో పెళ్ళాన్ని కసిరిన మొగుణ్ణి, చుట్టూ వెళ్ళి గడియపెట్టే నెపంతో ఒక పక్కకు జరిపేది. ఏళ్ళు గడిచాక మెకానిక్ పెళ్ళాంపిల్లలతో వచ్చాడు. "అదుగోనే, నీవాడొచ్చాడు!" అని బావ మైకులో అన్నాడు. ఆమె ఆ కుటుంబాన్ని ఎదురెదురుగా, తక్కెట్లో తూచినట్టు సర్దింది. వాళ్ళ చిన్నపిల్ల కప్పులోనే నిద్రపోయింది.

ఈమధ్య బావ కన్ను కొత్తరకం రాట్నం మీద పడింది. దాన్ని సాలీడు అంటారట. ఇనుప చేతుల చివర బుట్టలు, బుట్టల్లో మనుషులు, మనుషుల్ని గాల్లోకి విసరడానికి ఒక మీట. కూర్చోబెట్టే పని లేదు, బెల్టు వేస్తే చాలు. అందులో డబ్బు పెట్టే భాగస్వామి ఆదివారం వస్తున్నాడు. ఆయన సంతకం పెడితే కప్పులు పాత ఇనుముకి పోతాయి.

"మరి నేను?" అంది కప్పులత్త.

"నీకేమే, మరుగుదొడ్లు కడగడానికి మనిషి కావాలిగా. కడగడం నీకు కొత్తా?"

"నీడపట్టున ఉంటావే," అంది అక్క, కంచంలోంచి తల ఎత్తకుండా.

ఆదివారం వచ్చిన భాగస్వామి భారీ మనిషి. బావ కూడా తక్కువ తిన్నవాడేం కాదు. సంతకం పెట్టేముందు పాత రాట్నం కూడా ఒకసారి ఎక్కి చూద్దామని భాగస్వామి సరదా పడ్డాడు. బావ గుట్టు తెలిసినవాడు కదా, ఆయన్ని ఒక పక్కన కూర్చోబెట్టి, తాను సరిగ్గా ఎదురుగా కూర్చున్నాడు.

"మెల్లగా తిప్పు," అని మరదలికి వేలు చూపించాడు.

"అలాగే బావా."

ఆమె గడియ వేసి, పాట పెట్టింది. బావ సాలీడు లాభాలు చెప్పడం మొదలుపెట్టాడు. ఆమె పాట కొంచెం పెంచింది.

"ఏంటీ?" అన్నాడు భాగస్వామి.

బావ గొంతు పెంచాడు. ఆమె పాట ఇంకాస్త పెంచింది.

"వినపడట్లేదండీ!"

బావ ముందుకు వంగాడు. లాభం లేకపోయింది. పిరుదులతోనే జరిగి జరిగి, ఆయన పక్కకు చేరి, చెవిలో నోరు పెట్టాడు.

ఆమె మీట నొక్కింది.

సంగతి అర్థమయ్యేసరికి ఆలస్యమైంది. బావ ఎదుటి పక్కకు పాకబోయాడు గానీ, కప్పు అతన్ని తెచ్చి మళ్ళీ భాగస్వామి ఒళ్ళోనే పడేసింది. "ఆపవే! ఆపు!" అని అరిచాడు. పాట మంచి చరణంలో ఉంది. మధ్యలో ఆపడం మర్యాద కాదని కాబోలు, ఆమె ఆఖరిదాకా ఉండనిచ్చింది. పొద్దున తిన్నదీ, రాత్రి తిన్నదీ బావ నోట్లోంచి భాగస్వామి తెల్లచొక్కా మీదికి వచ్చాయి. మూగిన జనం ఈసారి కూడా నవ్వారు. జనానికి పక్షపాతం ఉండదు.

భాగస్వామి దిగి నేలమీద చతికిలబడ్డాడు. "కప్పే ఇలా ఉంటే, మీ సాలీడెక్కి బతికి బట్టకట్టేదెవరండీ?" అన్నాడు. సంతకం పెట్టాల్సిన కాగితాలతో చొక్కా తుడుచుకుని, వాటిని అక్కడే పారేసి వెళ్ళిపోయాడు.

అక్క బకెట్టుతో పరుగెత్తుకొచ్చింది. "చూస్తూ నిలబడ్డావేంటే, కడుగు!"

కప్పులత్త కదల్లేదు. అక్క కాసేపు చూసి, తనే వంగి కడగడం మొదలుపెట్టింది.

బావ కప్పు అంచు పట్టుకుని లేవబోయి, మళ్ళీ కూలబడ్డాడు. "కొంప ముంచావు కదే! మెల్లగా తిప్పమన్నానా లేదా?"

ఆమె పాట తగ్గించింది.

"కప్పన్నాక తిరగదా? అలవాటు పడతావులే, బావా."