అమ్మ దించిన నవల

బరంపురం పుస్తకాల మేళాలో టీనేజి పిల్లల కొత్త నవలల సిరా వాసనకి అమ్మ నోటుబుక్కు గుర్తొచ్చింది. చిన్నప్పుడు ఒడియా బడిలో చదివే నాకు తెలుగు మాట్లాడటమే వచ్చేది, అక్షరాలు వచ్చేవి కావు. నాన్న విశాఖ నుంచి తెచ్చిన కొత్త నవలని, మాటలు తెలుగువే ఉంచి, అమ్మ ఒడియా అక్షరాల్లో రాసిచ్చింది. పేజీల నిండా పసుపు వేలిముద్రలు. నవల అమ్మదేననుకుని బడంతా చాటాను.

"నానేటి రాయడమే? పుస్తకం సూసి దించేను, అంతే," అంది అమ్మ. సిగ్గుతో రెండ్రోజులు బడి మానేశాను.

పెద్దయ్యాక తెలుగు చదవడం నేర్చుకుని అసలు పుస్తకం చదివాను. అందులో కథానాయిక చదువు మానేసి పెళ్లికి ఒప్పుకుంటుంది. అమ్మ నోటుబుక్కులో మాత్రం రోజూ గంజాంలో బస్సెక్కి బరంపురం కాలేజీకి వస్తుంది.